రేసు కారు ఇంజన్‌కు తేలికైన ఫైబర్ డక్ట్ కట్టి చల్లబరచడం ఎలా?

"అన్నా, అల్యూమినియం ఆయిల్ సంప్ (ఇంజన్ కింద నూనె నిలిచే తొట్టి) తీసేసి కార్బన్ ఫైబర్‌ది పెడితే బరువు తగ్గుతది కదా?" కాలేజీల్లో రేసు కారు ప్రాజెక్టులు మొదలయ్యే రోజుల్లో నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. మిగతా సగం పోటీకి నెల ముందు వస్తాయి: "అన్నా, ఇంజన్ హీట్ అవుతుంది, ఏం చేయాలె?" చాలాసార్లు రెండు ఫోన్లూ ఒకే టీమ్‌వి.

ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక తగ్గింది కాబట్టి ఒకసారి రాసి పెడుతున్నాను. కేటీఎం 390 లాంటి సింగిల్ సిలిండర్, నీటితో చల్లబడే బైక్ ఇంజన్‌ను విద్యార్థుల కారులో పెట్టుకున్నవాళ్లకు ఇది నేరుగా పనికొస్తుంది. వేరే ఇంజనైతే అంకెలు మారతాయి, పద్ధతి మారదు. చేయబోయేది ఇంజన్ బ్లాక్ కాదు. రేడియేటర్‌కు గాలి తెచ్చి, వాడిన గాలిని బయటికి పంపే డక్ట్. బరువు తగ్గేదీ చల్లదనం పెరిగేదీ ఒకే భాగంలో కావాలంటే మొదట ముట్టుకోవాల్సింది అదే.

మొదలుపెట్టే ముందు

ఫైబర్ వేడిని తట్టుకుంటుంది, దాన్ని పట్టి ఉంచే రెసిన్ తట్టుకోదు. గది వేడిలో గట్టిపడిన మామూలు ఎపాక్సీ చాలా వరకు 50 నుంచి 70 డిగ్రీల మధ్యలోనే మెత్తబడటం మొదలుపెడుతుంది. "మరి అగ్ని క్షిపణి ముక్కు కార్బనే కదా, అదెట్లా తట్టుకుంటుంది?" అని హైదరాబాద్ కుర్రాళ్లు తప్పకుండా అడుగుతారు, కంచన్‌బాగ్ క్షిపణి ల్యాబులు పక్కనే ఉన్నాయి మరి. అది కార్బన్-కార్బన్. రెసిన్‌ను గాలి తగలకుండా విపరీతమైన వేడిలో కాల్చి, దాన్ని కూడా కార్బన్‌గా మార్చేస్తారు. ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ. మన షెడ్డులో చేసే పని కాదది.

"ప్లాస్టిక్ ఇంజన్" అని వినే పోలిమోటర్ సంగతీ అంతే. 1980ల్లో మాటీ హోల్ట్స్‌బర్గ్ అనే అమెరికన్ ఇంజనీరు ఫోర్డ్ 2.3 లీటర్ల ఇంజన్ ఆధారంగా చేశాడు. సుమారు 188 కిలోల ఇంజన్ 69 కిలోలకు దిగింది, రేసుల్లో కూడా పరుగెత్తింది. కానీ అందులో కూడా సిలిండర్ లోపలి గోడ, పిస్టన్ తల, మంట మండే గది, క్రాంక్ షాఫ్ట్ లోహమే. మంట తగిలే చోట ఆయన కూడా ప్లాస్టిక్ పెట్టలేదు.

ఇక సంప్ సంగతి. అల్యూమినియం సంప్ కింద గీతల్లా ఉండే ఫిన్నులు అలంకారం కాదు. నూనె వేడి లోహంలో పాకి ఆ ఫిన్నుల దాకా వెళ్లి గాలికి అందుతుంది. కాస్ట్ అల్యూమినియం వేడిని మోసే శక్తి (మీటరుకు, డిగ్రీకు వాట్లలో) సుమారు 100 నుంచి 150 ఉంటే, కార్బన్-ఎపాక్సీ మందం గుండా ఆ అంకె 1 కూడా దాటదు. దాంతో ఫిన్నులు పోసినా పనిచేయవు. అలా ఆదా చేసిన కిలోకు బదులు ఆయిల్ కూలర్, రెండు పైపులు, ఫిట్టింగులు పెట్టాల్సి వస్తుంది. మొదటి ఏడాది టీమ్‌లు సంప్ జోలికి వెళ్లొద్దు.

కావాల్సినవి

- 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు 200 గ్రాములు తూగే) కార్బన్ క్లాత్, ట్విల్ నేత, సుమారు 1.5 చదరపు మీటర్లు. అదే బరువు గ్లాస్ క్లాత్ 1 చదరపు మీటరు.
- లామినేటింగ్ ఎపాక్సీ, దాని జత హార్డ్‌నర్. మన కాలేజీ ల్యాబుల్లో ఎక్కువగా దొరికేది ఎల్‌వై 556, హెచ్‌వై 951 జత.
- 0.1 గ్రాము చూపే చిన్న తూకం. వంటింటి తూకం వద్దు, కారణం కింద ఉంది.
- గట్టి థర్మకోల్ దిమ్మలు, ప్యాకింగ్ టేప్, రిలీజ్ వ్యాక్స్.
- పీల్ ప్లై (గట్టిపడ్డాక ఊడదీసే గుడ్డ), చిల్లుల రిలీజ్ ఫిల్మ్, బ్రీదర్ గుడ్డ (గాలి పారడానికి వేసే మెత్తటి గుడ్డ), బ్యాగింగ్ ఫిల్మ్, సీలెంట్ టేప్.
- వాక్యూమ్ పంపు. కొనకండి. ఏసీ మెకానిక్‌లు గ్యాస్ నింపే ముందు వాడే పంపు రెండు రోజులకు అద్దెకు అడగండి.
- నైట్రైల్ గ్లవ్స్ ఒక డబ్బా, ఎన్95 మాస్కులు, కళ్లద్దాలు.
- కే-టైప్ థర్మోకపుల్స్ (వేడి కొలిచే తీగలు) నాలుగు, చూపే మీటర్. కోఠి గుజరాతీ గల్లీలో ఇలాంటివి వెతకొచ్చు.
- హోస్ క్లిప్పులు, నట్లు, బోల్టులు, కారు డోర్ బీడింగ్ రబ్బరు. రాణిగంజ్‌లో ఒక పూట తిరిగితే చాలు.

కార్బన్‌కు డబ్బుల్లేకపోతే మొత్తం గ్లాస్‌తోనే చేయండి. గట్టిదనం కోసం ఒక పొర ఎక్కువ వేయాలి, దానితో సుమారు 200 గ్రాములు పెరుగుతుంది, అంతే. నిజం చెప్పాలంటే ఈ భాగానికి గ్లాసే చాలు. కార్బన్ వేసేది చాలామంది ఫొటోల కోసమే.

1. ముందు కాగితం మీద గాలి లెక్క వేయండి

ఈ అడుగు వదిలేసి నేరుగా థర్మకోల్ కోసేవాళ్లే ఎక్కువ. పది నిమిషాల పని, ఇప్పుడే చేయండి.

రిస్ట్రిక్టర్ (ఇంజన్ పీల్చే గాలిని తగ్గించే ఇరుకు గొట్టం) పెట్టిన ఈ సైజు ఇంజన్‌కు ట్రాక్ మీద నీటిలోకి వెళ్లే సగటు వేడి 12 కిలోవాట్లు అనుకుందాం. గాలి రేడియేటర్ గుండా పోతూ 30 డిగ్రీలు వేడెక్కుతుందనుకుంటే సెకనుకు 0.4 కిలోల గాలి కావాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ 40 డిగ్రీల ఎండలో ఘనపు మీటరు గాలి 1.06 కిలోలే తూగుతుంది. పాఠ్యపుస్తకంలోని 1.2 వేస్తే లెక్క మొదట్లోనే తప్పుతుంది. కాబట్టి సెకనుకు సుమారు 0.38 ఘనపు మీటర్లు.

కారు సగటున గంటకు 54 కిలోమీటర్లు, అంటే సెకనుకు 15 మీటర్లు పోతుందనుకుంటే డక్ట్ నోరు సుమారు 250 చదరపు సెంటీమీటర్లు రావాలి. కొంచెం కలిపి 18 × 15 సెం.మీ. పెట్టుకోండి. ఏ4 కాగితంలో సగం కన్నా తక్కువ! "ఇంత చిన్నదా?" అని అందరూ ఆశ్చర్యపోతారు. నోరు పెద్దగా తెరిచినంత మాత్రాన గాలి ఎక్కువ రాదు. రేడియేటర్ మింగగలిగినంతే వస్తుంది, మిగిలింది పక్కకు చిమ్మి కారును వెనక్కి లాగుతుంది.

నీటివైపు కూడా ఒక అంకె రాసుకోండి. పంపు నిమిషానికి 30 లీటర్లు తిప్పుతుంటే, రేడియేటర్‌లోకి వెళ్లే నీటికీ బయటికొచ్చే నీటికీ తేడా 6 డిగ్రీల దగ్గర ఉండాలి. దీన్ని చివర్లో సరిచూస్తాం.

2. ఆకారం గీయండి

నోరు 18 × 15, రేడియేటర్ కోర్ (గాలి దూరే ఫిన్నుల భాగం) 30 × 28 సెం.మీ. అనుకుందాం. నోటి నుంచి కోర్ దాకా గోడలు నెమ్మదిగా విప్పారాలి. ఒక్కో గోడ 8 డిగ్రీలకు మించి వాలితే గాలి గోడను వదిలేసి సుడులు తిరుగుతుంది. 8 డిగ్రీలు పట్టుకుంటే సుమారు 45 సెం.మీ. పొడవు కావాలి. అంత చోటు లేదా? కోర్‌కు ముందున్న చివరి 10 సెం.మీ.లో ఎక్కువ విప్పార్చండి. అక్కడ రేడియేటర్ అడ్డు ఉంటుంది కాబట్టి గాలి కొంత సర్దుకుంటుంది. నోటి దగ్గర మాత్రం ఆ పని చేయొద్దు.

వెనక దారి మర్చిపోకండి. వేడెక్కిన గాలి 10 శాతం దాకా ఉబ్బుతుంది. దాన్ని ఇంజన్ మీదికో డ్రైవర్ వీపు మీదికో వదిలితే ఏం లాభం? కారు పోతున్నప్పుడు గాలి ఒత్తిడి తక్కువగా ఉండే పక్కకో వెనక్కో వదలండి. రెండో ప్రపంచ యుద్ధం నాటి మస్టాంగ్ విమానం రేడియేటర్ డక్ట్ వెనక నుంచి వేడి గాలిని తోసి కొంచెం నెట్టుడు కూడా రాబట్టేది. 1935లో బ్రిటిష్ ఇంజనీరు మెరెడిత్ రాసిన సూత్రమది. గంటకు 54 కిలోమీటర్ల దగ్గర మనకు ఆ ఆశ వద్దు, బయటికి పోయే దారి ఉంటే చాలు.

3. మౌల్డ్ చేయండి

థర్మకోల్ దిమ్మలను అతికించి, వేడి తీగతో కోసి, ఎమరీతో నునుపు చేయండి. పైన ప్యాకింగ్ టేప్ ముడతల్లేకుండా అతికించి, రెండు పూతల వ్యాక్స్ రుద్దండి.

హెచ్చరిక: థర్మకోల్ మీద ఎపాక్సీ మాత్రమే. ఊళ్లో ఫైబర్ షీట్లు, బాత్‌టబ్బులు చేసేచోట దొరికేది ఎక్కువగా పాలిస్టర్ రెసిన్. అందులో ఉండే స్టైరీన్ థర్మకోల్‌ను పంచదార పాకంలా కరిగిస్తుంది. నా మొదటి డక్ట్ అలాగే పోయింది. ప్యాకింగ్ టేప్ అడ్డు ఉంది కదా అనుకున్నాను. టేప్ అతుకుల సందులోంచి దిగి అరగంటలో దిమ్మ మధ్యలో గుంత పడింది.

4. లే-అప్ (పొరలు పరచడం)

క్లాత్ ముందే కోసి, వరుస అంకెలు వేసి పెట్టుకోండి. రెసిన్ కలిపాక కత్తెర వెతుక్కోవడం మొదలుపెడితే పని చెడుతుంది.

పొరల వరుస ఇది: లోపల ఒక గ్లాస్, దాని మీద రెండు కార్బన్. రెండో కార్బన్ పొరను 45 డిగ్రీలు తిప్పి వేయండి. అల్యూమినియం బ్రాకెట్ తగిలే చోట్ల బయట కూడా ఒక గ్లాస్ ముక్క వేయాలి. కార్బన్, అల్యూమినియం, తేమ కలిస్తే చిన్న బ్యాటరీ తయారై అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుంది. ఒక్క వానాకాలం చాలు దానికి.

డక్ట్ మొత్తం వైశాల్యం 0.6 చదరపు మీటర్లనుకుంటే మూడు పొరల బట్ట 360 గ్రాములు. రెసిన్ కూడా అంతే తీసుకుని, వృథాకు 20 శాతం కలపండి. ఒకేసారి కలపొద్దు. 150 గ్రాముల చొప్పున వెడల్పాటి గిన్నెలో కలపండి. లోతైన గ్లాసులో ఎక్కువ కలిపితే దానంతటదే వేడెక్కి, పొగలు కక్కి, రాయిలా గడ్డకడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డులో అయితే డబ్బా మీద రాసిన సమయంలో సగం కూడా దొరకదు. తెల్లవారుజామున పని పెట్టుకోండి.

హెచ్‌వై 951 బరువు లెక్కన 100కు 10. 150 గ్రాముల రెసిన్‌కు 15 గ్రాములు. వంటింటి తూకం ఒక గ్రాము అటూ ఇటూ చూపినా హార్డ్‌నర్‌లో 7 శాతం తేడా! "కొంచెం ఎక్కువ పోస్తే తొందరగా గట్టిపడుతుంది" అనేది పాలిస్టర్ చేసేవాళ్ల అలవాటు. ఎపాక్సీలో ఎక్కువైన హార్డ్‌నర్ ఎక్కడికీ పోదు, లోపలే ఉండిపోయి భాగాన్ని మెత్తగా చేస్తుంది. వేరే కంపెనీ జతైతే దాని కాగితంలో ఉన్న పాళ్లే పాటించండి.

చేతికంటిన రెసిన్‌ను థిన్నర్‌తో కడగొద్దు. అది చర్మంలోకి ఇంకా లోపలికి తీసుకుపోతుంది. ఒకసారి ఎపాక్సీ అలర్జీ వచ్చిందంటే జన్మకు వదలదు. సబ్బు నీళ్లే వాడండి, అసలు గ్లవ్స్ తీయకుండా ఉంటే ఇంకా మంచిది.

ఇదే రెసిన్‌తో, ఇవే మూడు పొరలతో, అరచేతి సైజు ముక్క ఒకటి విడిగా చేసి పక్కన పెట్టండి. తర్వాత దానితో పెద్ద పని ఉంది.

5. వాక్యూమ్ పెట్టండి

పీల్ ప్లై, చిల్లుల ఫిల్మ్, బ్రీదర్, పైన బ్యాగ్, ఇదే వరుస. పంపు ఆన్ చేసి, గేజ్ నిలబడ్డాక వాల్వ్ మూసి ఐదు నిమిషాలు చూడండి. ముల్లు దిగిపోతుంటే లీకు ఉంది. చెవి దగ్గర పెట్టి వింటే "సుయ్" మని వినిపిస్తుంది, ఎక్కువగా మూలల్లో మడతల దగ్గరే.

ఇక్కడ చాలామంది టెన్షన్ పడే విషయం ఒకటి. గేజ్ 760 మిల్లీమీటర్ల దాకా వెళ్లలేదని పంపు మార్చేస్తారు. మన ఊరి ఎత్తుకు గాలి ఒత్తిడే 710 దగ్గర ఉంటుంది, ఎంత మంచి పంపైనా అది దాటదు. 650 పైన నిలబడితే ఈ పనికి సరిపోతుంది. పైగా థర్మకోల్ మౌల్డ్‌ను పూర్తి ఒత్తిడితో పిండితే నలిగిపోతుంది. మెత్తటి రకమైతే 300 దగ్గరే ఆపండి.

పంపు దొరకలేదా? పీల్ ప్లై వేసి, రోలర్‌తో గాలి బుడగలు తోసి, మిగులు రెసిన్‌ను పాత గుడ్డతో అద్దేయండి. 100 గ్రాములు బరువెక్కుతుంది, పని ఆగదు.

6. గట్టిపడనివ్వండి, తర్వాత కాల్చండి

24 గంటలు కదపొద్దు. తర్వాత థర్మకోల్‌ను కత్తితో తోడేసి, మిగిలింది కొంచెం అసిటోన్ పోసి కరిగించండి.

ఇప్పుడు అందరూ దాటేసే అడుగు, పోస్ట్ క్యూర్. అంటే గట్టిపడిన భాగాన్ని నెమ్మదిగా వేడిచేసి రెసిన్ పూర్తిగా గట్టిపడేలా చేయడం. చేతికి గట్టిగా తగిలింది కాబట్టి అయిపోయిందనుకుంటారు. ఒక టీమ్ కారును మే నెల మధ్యాహ్నం కాలేజీ పార్కింగ్‌లో నిలబెట్టింది. ఇంజన్ స్టార్ట్ కూడా చేయలేదు. నల్లటి డక్ట్ ఎండకే మెత్తబడి, రేడియేటర్ దగ్గర బొజ్జలా జారింది. నల్ల వస్తువు ఎండలో 65, 70 డిగ్రీలకు చేరడం మన దగ్గర పెద్ద విషయం కాదు.

ప్లైవుడ్ పెట్టెకు లోపల అల్యూమినియం ఫాయిల్ అంటించి, హాట్ ఎయిర్ బ్లోవర్‌తో చిన్న ఓవెన్ చేసుకోండి. థర్మోకపుల్ ఒకటి డక్ట్‌కే తగిలించాలి, గాలిలో వేలాడదీయొద్దు. 40 నుంచి మొదలుపెట్టి గంటకు 10 డిగ్రీల చొప్పున పెంచుతూ, రెసిన్ కాగితంలో చెప్పిన వేడి దాకా వెళ్లి, చెప్పినంతసేపు ఉంచండి. తొందరపడి ఒక్కసారిగా 80కి తీసుకెళ్తే కాలే లోపే వంగుతుంది. అట్టముక్కలతో లోపల ఆసరా పెట్టండి. థర్మకోల్ ఏమైనా లోపల మిగిలి ఉంటే 70 దాటించొద్దు, అది ముడుచుకుపోయి భాగాన్ని లాగుతుంది.

ఆ అరచేతి ముక్కను కూడా అదే ఓవెన్‌లో పెట్టారు కదా? బయటికి తీశాక దాన్ని సన్నని పట్టీగా కోసి, 80 డిగ్రీల వేడి నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి, పట్కారతో తీసి వెంటనే వంచి చూడండి. చల్లగా ఉన్నప్పటిలాగే ఎదురు తంతే పాసు. రబ్బరులా వంగితే పోస్ట్ క్యూర్ సరిపోలేదు, లేదా పాళ్లు తప్పాయి. డక్ట్‌ను కారుకు బిగించకముందే తెలిసింది, సంతోషించండి.

7. కోత, బిగింపు

తడి ఎమరీతో రుద్దండి. కార్బన్ పొడి కరెంటును పారిస్తుంది. ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) కనెక్టర్ల దగ్గర పొడిగా కోస్తే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. భాగాన్ని కారు మీద పెట్టి కోయడం అసలే వద్దు.

చిల్లులు గుండ్రంగా కాకుండా కొంచెం పొడవుగా చేయండి. 300 మి.మీ. అల్యూమినియం ఫ్రేము 70 డిగ్రీలు వేడెక్కితే సుమారు అర మిల్లీమీటరు సాగుతుంది. కార్బన్ అందులో పదో వంతు దగ్గరే ఆగిపోతుంది. గట్టిగా బిగిస్తే బోల్టు చుట్టూ పగుళ్లు వస్తాయి. స్టెయిన్‌లెస్ బోల్టు, వెడల్పాటి వాషర్, కింద పలుచటి రబ్బరు పెట్టండి.

ఎగ్జాస్ట్ పైపుకు కనీసం 50 మి.మీ. దూరం ఉంచండి. అంత చోటు లేకపోతే మధ్యలో పలుచటి అల్యూమినియం రేకు నిలబెట్టండి, రేకుకూ డక్ట్‌కూ మధ్య గాలి ఆడాలి. ఫాయిల్‌ను నేరుగా డక్ట్‌కు అంటించడం రెండో మార్గం.

8. సందులు మూయండి

నీరు పల్లమెరుగు. గాలీ అంతే. రేడియేటర్ ఫిన్నుల్లో దూరడం కష్టం, పక్కన వేలెడు సందులో పోవడం సులువు. డక్ట్ చివరకూ రేడియేటర్ అంచుకూ మధ్య నాలుగు వైపులా డోర్ బీడింగ్ రబ్బరు పెట్టండి. మౌల్డ్, కార్బన్, వాక్యూమ్ అంటూ నెల రోజులు కష్టపడి, 200 రూపాయల బీడింగ్ దగ్గర బద్ధకించిన టీమ్‌లను ఎన్నో చూశాను.

ఫ్యాన్ ఉంటే దాన్ని కోర్‌కు ఆనించి బిగించొద్దు. అలా చేస్తే ఆ గుండ్రటి భాగం గుండానే గాలి లాగుతుంది. కోర్ మొత్తాన్ని కప్పే ష్రౌడ్ వేసి, ఫ్యాన్‌ను కొంచెం వెనక్కి పెట్టండి.

9. నీటి తుంపర, ఇష్టమైతేనే

ఇంట్లో ఎయిర్ కూలర్ పనిచేసే సూత్రమే. గ్రాము నీరు ఆవిరైతే సుమారు 2,400 జౌళ్ల వేడి పట్టుకుపోతుంది. సెకనుకు 2 మిల్లీలీటర్లు కోర్ ముందు చల్లి, అందులో సగమే ఆవిరైనా 2.4 కిలోవాట్లు, అంటే మన 12లో ఐదో వంతు. లీటరు సీసా 8 నిమిషాలు వస్తుంది. పాత కారు అద్దం కడిగే 12 వోల్టుల పంపు, తోటలకు వాడే తుంపర నాజిల్ రెండు, ఒక రిలే చాలు.

మే నెల పొడి ఎండలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. జులైలో కూలర్ పెట్టుకుంటే ఇల్లంతా జిగటగా అవుతుంది చూడండి, అప్పుడు ఇదీ అంతే.

బోరు నీళ్లు పోయొద్దు. మన బోరు నీళ్లలో ఉండే సున్నం ఫిన్నుల మీద తెల్లగా గడ్డకట్టి, తుంపర ఇచ్చిన లాభాన్ని తినేస్తుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. టైర్ల మీద పడకుండా చూసుకోండి. పోటీకి వెళ్తుంటే ఆ ఏడాది రూల్ బుక్ చదివి, అనుమానముంటే నిర్వాహకులను ముందే రాసి అడగండి. రేడియేటర్ లోపలి నీటి సంగతి వేరు. ఫార్ములా స్టూడెంట్ తరహా పోటీల్లో అక్కడ మామూలు నీళ్లు మాత్రమే ఉండాలి, కూలెంట్ కలిపితే కారు పక్కన పెట్టిస్తారు.

హోసులు తిప్పి పెట్టి నీటిని ముందు సిలిండర్ హెడ్‌కు పంపిస్తే మంచిదని కొందరు అడుగుతారు. 1992లో కార్వెట్ కారుకు వచ్చిన ఎల్‌టీ1 ఇంజన్‌లో అలాగే ఉండేది. కానీ దాన్ని మొదటి నుంచీ అలాగే డిజైన్ చేశారు, ఆవిరి పోవడానికి వేరే దారి పెట్టారు. బైక్ ఇంజన్‌లో ఊరికే పైపులు మారిస్తే హెడ్‌లో ఆవిరి బుడగ ఇరుక్కుంటుంది. వద్దు.

10. పనిచేస్తోందో లేదో చూడండి

అతుకు: రూపాయి బిళ్లతో డక్ట్ అంతా కొట్టుకుంటూ పోండి. "టక్ టక్" మని స్పష్టంగా మోగాలి. "డబ్" మన్నచోట పొరలు విడిపోయాయి. చుట్టూ పెన్సిల్‌తో గీసి, సన్నని చిల్లు పెట్టి, రెసిన్ ఎక్కించండి.

బరువు: మూడు పొరలకు 600 నుంచి 660 గ్రాములు రావాలి. 900 వచ్చిందంటే రెసిన్ ఎక్కువ తాగింది. అలాగే వాడుకోండి, ఇదే డక్ట్ 1 మి.మీ. అల్యూమినియం రేకుతో చేస్తే 1.6 కిలోలు. తర్వాతిది బాగా చేస్తారు.

గాలి: కారు నిలబెట్టి ఫ్యాన్ వేసి, డక్ట్ అతుకుల వెంట అగరుబత్తి తిప్పండి. పొగ పక్క సందులోకి లాగితే అక్కడ బీడింగ్ సరిగ్గా లేదు.

తర్వాత ఒత్తిడి. మేస్త్రీలు మట్టం చూసే పారదర్శక పైపు ఒక మీటరు తీసుకోండి. ఒక కొసను మూత బిగించిన చిన్న నీళ్ల సీసాలో ముంచి, పైపును పలక మీద వాలుగా, ఐదుకు ఒకటి ఎత్తు పెరిగేలా అతికించండి. సీసా మూత నుంచి ఇంకో పైపు రేడియేటర్ ముందుకు, వాలు పైపు పై కొస నుంచి మరొకటి రేడియేటర్ వెనక్కు. ఆ కొసలు డక్ట్ గోడతో సమంగా ఉండాలి, గాలికి ఎదురుగా పొడుచుకు రావద్దు. పలకను కారుకు అడ్డంగా బిగించి ఫోన్‌తో వీడియో తీయండి. గంటకు 54 కిలోమీటర్ల దగ్గర ఎదురుగాలి మొత్తం ఒత్తిడే 12 మి.మీ. నీటి ఎత్తు. వాలు పైపు మీద అది 60 మి.మీ.గా కనిపిస్తుంది. అందులో సగం పైన, అంటే 30 మి.మీ. దాటి కదిలితే డక్ట్ బాగా కుదిరినట్టు. 10 దగ్గరే ఆగితే సందులున్నాయి, లేదా వెనక దారి ఇరుకైంది. వెనక ముక్క తీసేసి మళ్లీ చూస్తే రెండిట్లో ఏదో తేలిపోతుంది.

వేడి: థర్మోకపుల్స్ నీరు లోపలికి వెళ్లే చోట, బయటికి వచ్చే చోట, డక్ట్ గోడ మీద ఎగ్జాస్ట్‌కు దగ్గరగా, నీడలో గాలికి. ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో మెరిసే అల్యూమినియం చూస్తే తక్కువ చూపిస్తుంది, నల్ల టేపు ముక్క అతికించి దాని మీద చూడండి. నీటి తేడా 6 డిగ్రీల దగ్గర రావాల్సింది 15 వస్తే గాలిని అనుమానించకండి, నీరు సరిగ్గా తిరగడం లేదు. ఎక్కువగా ఎయిర్‌లాక్ కారణం. రేడియేటర్ మూత అన్నిటికన్నా ఎత్తులో ఉందా చూసి, గాలి తీసేయండి. మూత వాషర్ పాడైతే ఇంకో సమస్య: మూత తెరిచిన నీరు హైదరాబాద్‌లో 98 డిగ్రీలకే మరుగుతుంది, 1.1 బార్ మూత సరిగ్గా పట్టుకుంటేనే 120 దాకా ఆగుతుంది. వేడిగా ఉన్నప్పుడు ఆ మూత తెరవొద్దు. చేయి కాల్చుకున్నవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఒకరుంటారు.

నిలబెట్టి ఐడిలింగ్‌లో చూసి "టెంపరేచర్ బాగుంది" అనుకోవడం లెక్కలోకి రాదు. కాలేజీ గ్రౌండులో కోన్లు పెట్టి, ఆపకుండా 20 నిమిషాలు తిప్పండి. సర్వీస్ రోడ్డు మీదికి తీసుకెళ్లొద్దు.

టెస్ట్ చేసిన రోజు గాలి ఎంత వేడిగా ఉందో తప్పక రాసుకోండి. థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకున్నాక, బయటి గాలి ఎన్ని డిగ్రీలు పెరిగితే నీరు కూడా దాదాపు అన్నే డిగ్రీలు పెరుగుతుంది. డిసెంబరు ఉదయం 22 డిగ్రీల్లో నీరు 94 దగ్గర నిలబడితే, మే నెల 42 డిగ్రీల్లో అదే కారు 114కు చేరుతుంది. అప్పుడు చేయాల్సింది తుంపర కాదు, రెండో అడుగుకు వెళ్లి వెనక దారి మళ్లీ గీయండి.